రూపాయి పెట్టి తెలిసికొన్న రైతు మనస్సు



ధనవిషయమున మనుష్యుడు ఒకప్పుడు తెగించును, ఒకప్పుడు వెనుదీయును. ఎప్పుడు తెగించును, ఎప్పుడు వెనుదీయును, ఎందుచేత? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. బావి త్రవ్వింపవలయునా వలదా, అప్పు తెచ్చి క్రొత్త విత్తనము వేయవలయునా, ఇంటనున్న పాత విత్తనముతోనే సరిపెట్టుకొనవలయునా అని ప్రతి రైతును ఏటేట ఆలోచించుచునే యున్నాడు. కాని ఈ ఆలోచనను బయటివారు తెలిసికొనుట యెట్లు? అతనిని అడిగి తెలిసికొనవలెనా? అతని పొరుగువానిని అడుగవలెనా? లేక అతని యెదుట నిజమైన రూపాయినుంచి అతడేమి చేయునో చూడవలెనా? ఈ మూడవ మార్గమును గూర్చియు, అది మన తెలుగునాట నడచిన చరిత్రను గూర్చియు నేడు మీతో ముచ్చటింప దలచితిని.

రైతును గూర్చి పట్టణములలోను కచ్చేరీలలోను చిరకాలముగా నొక తీర్పు చెల్లుచు వచ్చినది. పేదరైతు పిరికివాడనియు, తాతలనాటి పద్ధతిని విడువ నొల్లడనియు, అదృష్టమును నమ్ముకొని కూర్చుండుననియు, అందుచేతనే పేదవాడుగా నున్నాడనియు ఆ తీర్పు. ఎరువు వేయకున్నచో అది అతని అజ్ఞానము. సాహుకారుకడకు పోయినచో అది అతని అవివేకము. ఈ మాట నిజమైనచో రైతునకు కావలసినది బోధయే కాని సాధనము కాదు. అబద్ధమైనచో బోధపై వెచ్చించిన ధనమెల్ల వ్యర్థము. కనుక ఇది వట్టి మాటల తగవు కాదు. ఏ యూరికి అప్పు రావలెను, ఏ చేనికి నీరు రావలెను అను నిర్ణయములు దీనిపై నాధారపడి యున్నవి.

మనుష్యుని ధనముచేత పరీక్షించుట మన పూర్వు లెరుగనిది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అమాత్యుల శుద్ధిని తెలిసికొనుటకు నాలుగు విధములైన ఉపధలను విధించెను. ధర్మమును, అర్థమును, కామమును, భయమును ఎరగా జూపి, ఎవడు దేనికి లొంగడో కనుగొనవలె నని ఆయన మతము. ధనపుటెరకు లొంగనివానిని ఆదాయము వసూలుచేయు పనియందును, కోశమును కాపాడు పనియందును నియోగింపుమనెను. మాటచేత కాక నడతచేత మనుష్యుని తెలిసికొనవలె నను తత్త్వము ఇందులో నున్నది. అయితే కౌటిల్యుని పరీక్ష కపటముతో కూడినది. పరీక్షింపబడువానికి తాను పరీక్షలో నున్నట్లు తెలియదు. నేను చెప్పబోవునది బహిరంగమైన పరీక్ష. ఆడువానికి ఆట నియమములన్నియు ముందుగనే తెలియును.

పాశ్చాత్య దేశములలో 1738వ సంవత్సరమున డేనియల్ బెర్నూలీ యను గణితశాస్త్రజ్ఞుడు జూదమును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ఒకే మొత్తము ధనికునకును దరిద్రునకును ఒకే విలువ కలిగి యుండదనియు, గలవానికంటె లేనివానికి రూపాయి బరువైనదనియు ఆయన వాదించెను. అది మొదలు రెండు వందల సంవత్సరములు ఆర్థికశాస్త్రము ఈ విషయమున చాలవరకు తర్కమునే ఆశ్రయించినది. రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల గలదు, వ్యవసాయ శాస్త్రమునకు ప్రయోగక్షేత్రము గలదు, ఆర్థికశాస్త్రమునకు మాత్రము ప్రయోగము పొసగదని పండితులు తలచిరి. 1948లో ఎడ్వర్డ్ చేంబర్లిన్ అను అమెరికా దేశపు ఆచార్యుడు తన విద్యార్థులను కొందరిని అమ్మువారుగను, కొందరిని కొనువారుగను నిలిపి తరగతిలో చిన్నసంతను నడపిన వృత్తాంతమును ప్రకటించెను. 1956 మొదలుకొని వెర్నన్ స్మిత్ ఆ పద్ధతిని సవరించి పలుమార్లు నడిపెను; 2002లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కాని ఆ సంతలలో నిలిచినవారు కళాశాల విద్యార్థులు. పంట పోయినచో ఏడాది తిండి పోవునను భయము వారికి లేదు. ఆ భయము నిత్యము గలవారిని, అనగా పల్లెటూరి రైతులను కూలివారిని, నిజమైన ధనముతో పరీక్షించిన తొలి ప్రసిద్ధ ప్రయత్నములలో ఒకటి మన ప్రాంతమున జరిగినది.

నేను కర్మన్‌ఘాట్ నివాసిని. హైదరాబాదు నగరమునకు తూర్పువైపున, సరూర్‌నగర్ చెరువునకు చేరువగా, ఆంజనేయస్వామి దేవాలయముచేత ప్రసిద్ధి కెక్కిన ఈ యూరు ఒకప్పుడు పొలములు గల పల్లె. నేడు నగరము దీనిని తనలో కలుపుకొన్నది. మాకు సమీపముననే ఎల్.బి. నగర్ చౌరస్తాకడ నాగార్జునసాగర్ బాట మొదలగును. హైదరాబాదునకు దక్షిణముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, మాడ్గుల మండలములో అవురుపల్లి యను గ్రామము కలదు. 2016లో జిల్లాలను తిరిగి విభజించినది మొదలు ఆ యూరును మా యూరును ఒకే రంగారెడ్డి జిల్లాలోనివి. అంతకుముందు అది మహబూబ్‌నగర్ జిల్లాలో నుండెను. ఇక్కడి మేడల నెన్నింటినో కట్టిన చేతులు పాలమూరు కూలీల చేతులే. వారిని గూర్చి, వానకాలమున చేను విడిచి పట్టణమునకు వచ్చుటను గూర్చి, నగరవాసులు తేలికగా తీర్పులు చెప్పుట నేను పలుమార్లు వినియున్నాను. అందుచేతనే అవురుపల్లి కథ నాకు దగ్గరిదిగా తోచినది.

ఆంగ్ల గ్రంథములలో ఈ గ్రామము ఔరేపల్లె అను పేర ప్రపంచమున అనేక విశ్వవిద్యాలయములకు తెలియును. కారణ మిది. 1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ నెలకొనెను. దానినే ఇక్రిశాట్ అందురు. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలను బాగుచేయుట దాని పని. మంచి విత్తనమును పుట్టించినంత మాత్రమున చాలదు, రైతు దానిని వేయునా వేయడా యను సంగతి తెలియవలె నని ఆ సంస్థవారు తలచిరి. 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొనిరి. మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, దోకూరు. మహారాష్ట్రమున షోలాపూర్ జిల్లాలో రెండు, అకోలా జిల్లాలో రెండు. ఊరికి 40 కుటుంబముల చొప్పున 240 కుటుంబములను తీసికొనిరి. ప్రతి యూరిలోను కూలివారి కుటుంబములు 10, చిన్న రైతులవి 10, మధ్యతరగతి రైతులవి 10, పెద్ద రైతులవి 10. పరిశోధకులు ఊరిలోనే కాపురముండి, ఏ చేనిలో ఏమి విత్తిరి, ఎంత కూలి యిచ్చిరి, ఎవరివద్ద ఎంత అప్పు తెచ్చిరి అను లెక్కలను ఏండ్ల తరబడి వ్రాసికొనిరి. ఆ కాలమున అవురుపల్లి మెట్టచేలలో ఆముదము, జొన్న ముఖ్యమైన పంటలు. వాన తప్పినచో రెండును తప్పును.

ఈ సంస్థలో పనిచేయుటకు హాన్స్ బిన్స్‌వాంగర్ అను స్విట్జర్లండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు వచ్చెను. ఆ గ్రామములలో రైతు తెగువను కొలుచుటకు ఆయన రెండు పద్ధతులను నడపెను. మొదటిది ప్రశ్న పద్ధతి. ఇట్టి పొలము, ఇట్టి పంట యున్నచో నీవు ఎంతకు ఒప్పుకొందువు అని మాటలతో అడుగుట. రెండవది రూపాయి పద్ధతి.

రూపాయి పద్ధతి యిట్టిది. ఆడువాని యెదుట కొన్ని ఎంపికలను మెట్లుగా నుంతురు. అతడు వానిలో ఒకదానిని కోరుకొనవలెను. తరువాత నాణెము నెగురవేయుదురు. మొదటి మెట్టు కోరుకొన్నవానికి బొమ్మ పడినను బొరుసు పడినను 50 రూపాయలే. రెండవ మెట్టు కోరుకొన్నచో ఒక ప్రక్కకు 45, రెండవ ప్రక్కకు 95. పైమెట్లలో 40కి 120, 30కి 150, 10కి 190 ఇట్లు పోవును. చిట్టచివరి మెట్టున ఒక ప్రక్క సున్న, రెండవ ప్రక్క 200. కష్టపు ప్రక్క తగ్గినకొలది లాభపు ప్రక్క పెరుగుచుండును. గెలిచిన రూపాయలు గెలిచినవానివే, అక్కడికక్కడే చేతికిత్తురు. ఏ మెట్టునను ఆడువాడు తన ఇంటి సొమ్ము పోగొట్టుకొనడు. పేదవాని సొమ్ము పరీక్షలో పోరాదని శాస్త్రజ్ఞుడు ముందుగనే నియమము పెట్టుకొనెను.

ఒక్కమారుగా పెద్ద మొత్తముతో ఆరంభింపలేదు. మొదట అర్ధరూపాయి మొత్తముతో ఆట. తరువాత 5 రూపాయలు, ఆపైన 50 రూపాయలు. ఆటకును ఆటకును నడుమ దినములు గడచుచుండెను గనుక ఆలోచించుకొనుటకును, ఇంటివారితో ముచ్చటించుకొనుటకును వ్యవధి దొరకెను. ఆ కాలపు కూలి రేట్ల ననుసరించి చూడగా పెద్ద ఆటలో లభించు అత్యధిక మొత్తము కూలివాని నెల సంపాదనకు మించినది. అది వేడుకకు ఆడు ఆట కాదు. నెల కూలిని ఎదుట నుంచి నీ మనస్సేమని అడుగుట.

ఈ పరీక్షాఫలములను బిన్స్‌వాంగర్ 1980లో అమెరికా వ్యవసాయార్థిక శాస్త్ర పత్రికలో ప్రకటించెను. వానిలో మూడు సంగతులు మన చెవిని వేసికొనదగినవి.

మొదటి సంగతి: మాటకును చేతకును పొత్తు కుదరలేదు. ప్రశ్న పద్ధతిచేత తేలిన తెగువకును, రూపాయి పద్ధతిచేత తేలిన తెగువకును ఏమాత్రము పోలిక లేకపోయెను. పైగా ప్రశ్నించినవానినిబట్టి జవాబు మారుచుండెను. ఇందు ఆశ్చర్యమేమి? ఊరికి వచ్చిన అధికారి అడిగినచో ఒక మాట, పెండ్లిపెద్ద అడిగినచో ఒక మాట చెప్పుట లోకసహజము. అది కపటము కాదు. అడిగినవాని మొగము చూచి చెప్పు మర్యాద. కాని అట్టి జవాబులను కూడి లెక్కవేసి రైతు స్వభావ మిట్టిదని గ్రంథము వ్రాసినచో, అది రైతు స్వభావము కాదు, అడిగినవాని స్వభావము.

రెండవ సంగతి: పందెము చిన్నదైనప్పుడు మనుష్యులు పలువిధములుగా ఆడిరి. అర్ధరూపాయి ఆటలో కొందరు చివరి మెట్టువరకు పోయిరి, కొందరు వెనుకకు తగ్గిరి. పందెము పెద్దదైనకొలది వారందరును నడిమి మెట్లకు చేరిరి. 50 రూపాయల ఆటలో కదలక మొదటి మెట్టున కూర్చున్నవారును బహు స్వల్పులు. తెగించి చివరి మెట్టు నెక్కినవారును బహు స్వల్పులు. ఇంచుమించుగా అందరును మితమైన జాగ్రత్త గలవారుగా తేలిరి. లాభము తగినంత కానవచ్చినప్పుడు కొంత కష్టమున కోర్చిరి; కష్టము మితిమీరినప్పుడు ఆగిరి. మన పెద్దలు వివేకమని పిలుచునది దీనినే కదా.

మూడవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. ధనికుడు తెగువ గలవాడు, దరిద్రుడు పిరికివాడు అను వాదము ఈ పరీక్షలో నిలువలేదు. ఆస్తి పెరిగినకొలది జాగ్రత్త కొంచెము తగ్గినట్లు కనిపించినను, ఆ భేదము యాదృచ్ఛికమని త్రోసివేయదగినంత స్వల్పము. పెద్ద రైతును కూలివాడును ఒకే ఆటను ఒకే నియమములతో ఆడినప్పుడు ఒకేరీతిగా ఆడిరి.

అట్లైనచో పెద్ద రైతు క్రొత్త విత్తనమును వేయుటకును, బావి త్రవ్వించుటకును కారణమేమి? చిన్న రైతు వేయకుండుటకు కారణమేమి? బిన్స్‌వాంగర్ తేల్చిన సమాధానము స్పష్టమైనది. భేదము మనస్సులో లేదు, చేతిలోని సాధనములలో నున్నది. అప్పు దొరకుట, సరకు అమ్ముకొను వసతి, సలహా చెప్పువారి రాక, ఇవి ఒకరికి గలవు, మరియొకరికి లేవు. చేను బయట నిలిచి చూచువానికి రెండు ఎంపికలును ఒక్కటిగా కనబడును. కాని పంట పోయినచో పెద్ద రైతు మరల అప్పు తేగలడు. చిన్న రైతు ఎద్దును అమ్ముకొనవలెను. వారిద్దరు ఆడుచున్నది ఒకే ఆట కాదు. ఆటను సమానము చేసి చూపినది ఆ రూపాయి పరీక్ష.

సాధనములను గూర్చిన ఈ మాటను పరీక్షింపదగిన అవకాశము మరల ఇరువదియైదేండ్ల పిదప వచ్చెను. 2003లో బేసిక్స్ అను సంస్థయు, ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డ్ అను బీమా కంపెనీయు కలసి మహబూబ్‌నగర్ జిల్లాలో వాన బీమాను ప్రారంభించిరి. పంటను చూడనక్కరలేదు; వానకొలత కేంద్రములో ఇన్ని మిల్లీమీటర్లకు తక్కువ కురిసినచో ఇంత సొమ్ము చెల్లింతురు. మెట్టరైతునకు ఇంతకంటె కావలసిన దేమున్నది? అయినను కొన్నవారు కొలదిమంది. మరల పాతతీర్పు వినవచ్చెను: రైతునకు తెలియదు, రైతు నమ్మడు.

2006లో షాన్ కోల్, జేవియర్ జినే మొదలగు పరిశోధకులు మహబూబ్‌నగర్, అనంతపురము జిల్లాలలో దీనిని ప్రయోగముచేత విచారించిరి. ఇంటింటికి పోయి బీమాను వివరించిరి. విన్నందుకు కృతజ్ఞతగా కొన్ని ఇండ్లవారికి 25 రూపాయలు, కొన్ని ఇండ్లవారికి 100 రూపాయలు చేతికిచ్చిరి. ఏ ఇంటికి ఎంత అనునది చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. కొన్ని ఇండ్లకడ మాత్రము రైతు లెరిగిన బేసిక్స్ ప్రతినిధి వచ్చినవానిని పరిచయముచేసి, ఇతని మాట వినవచ్చునని చెప్పెను. ఫలమేమి? 100 రూపాయలు చేతబడినవారు హెచ్చుగా బీమా కొనిరి. బేసిక్స్ సంస్థ నెరిగిన ఇండ్లలో, తెలిసినవాడు పూచీపడినట్లు మాటలాడినప్పుడు కొనుట హెచ్చెను.  విత్తు సమయమున విత్తనమునకే చాలని సొమ్ము బీమాకు ఎక్కడనుండి వచ్చును? ఎప్పుడును చూడనివాడు రేపు సొమ్ము చెల్లించునని ఎట్లు నమ్మవలెను? రైతు బీమాను తిరస్కరించుటకు ఖాళీ చేయియు, ఎరుగని మొగమును ముఖ్యకారణములని ఇట్లు తేలెను.

ఈ చీట్లు తీయు పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పవలయును. ఇది మొదట చేనిలో పుట్టినది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రమున రొనాల్డ్ ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు 1919 మొదలు పనిచేయుచు, చేనిని ముక్కలుగా విభజించి ఏ ముక్కకు ఏ యెరువు వేయవలెనో చీట్లచేత నిర్ణయింపుమనెను. మనమే ఎంచినచో తెలియకుండనే మంచి ముక్కకు మంచి యెరువు వేయుదుము. పంట పండినపిదప అది నేల మహిమయో, ఎరువు మహిమయో తెలియదు. చీటికి పక్షపాతము లేదు. ఈ నియమమునే ఇరువదవ శతాబ్దపు చివర ఆర్థికశాస్త్రజ్ఞులు ఊళ్లకును బస్తీలకును వర్తింపజేసిరి.

దీనికి పెద్ద ఉదాహరణము మా హైదరాబాదే. స్త్రీల సంఘములకు పూచీకత్తు లేకుండ చిన్న అప్పు లిచ్చు కంపెనీలు 2000 తరువాత ఆంధ్రప్రదేశమున శీఘ్రముగా వ్యాపించినవి. ఈ అప్పు దారిద్ర్యమును తీర్చు మంత్రమని కొందరు. పేదలను ముంచు ఉచ్చని మరికొందరు. ఇద్దరును తమకు నచ్చిన ఇండ్లను చూపుచుండిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అను నలుగురు పరిశోధకులు స్పందన యను అప్పుల కంపెనీతో కూడి హైదరాబాదులోని 104 బస్తీలను తీసికొనిరి. వానిలో 52 బస్తీలను చీట్లచేత ఎన్నుకొని 2006, 2007 సంవత్సరములలో అక్కడ కంపెనీ తన శాఖలను తెరచెను. తక్కిన 52 పోలికకై విడిచిరి. మొదటి అప్పు సాధారణముగా 10,000 రూపాయలు. వారము వారము కిస్తు కట్టుచు 50 వారములలో తీర్చవలెను. ఏడాది, ఏడాదిన్నర గడచినపిదప ఆరువేలకు పైగా ఇండ్లను విచారించిరి. 2008 తరువాత పోలిక బస్తీలకును అప్పు లభించెను.

ఫలము ఇరుపక్షముల వాదమును కాదన్నది. మొదటిది, పేదలందరును అప్పునకై ఎగబడుదురను మాట తప్పు. శాఖ తెరచిన బస్తీలలో ఇట్టి కంపెనీల అప్పు తీసికొన్నది నూటికి 27 ఇండ్లు మాత్రమే. పోలిక బస్తీలలో 18. రెండవది, అప్పు చేతికి రాగానే దుబారా చేయుదురను మాటయు తప్పు. ఆ బస్తీలలో సగటున ఇంటికిని, వ్యాపారమునకును పనికివచ్చు మన్నిక గల వస్తువులపై ఖర్చు పెరిగెను. పొగాకు, పాన్, బయటి చాయ, జూదము వంటివానిపై ఖర్చు తగ్గెను. మూడవది, దారిద్ర్యము తీరునను మాటయు నిలువలేదు. ఇంటి మొత్తము ఖర్చు పెరుగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యములో, ఇంట స్త్రీ మాట చెల్లుటలో చెప్పదగిన మార్పు కానరాలేదు.

మా దేవాలయము ముందర పూలు, కొబ్బరికాయలు అమ్ముకొను ఇద్దరు స్త్రీలను ఉదాహరణముగా తలచికొందము. ఒకతెకు ముందునుండియే అంగడి గలదు, రద్దీ దినములలో సరకు చాలక గిరాకి పోవుచున్నది. ఆమెకు పదివేల అప్పు సరకుగా మారి లాభము నిచ్చును. రెండవ యామె అప్పు వచ్చినది గనుక క్రొత్తగా గంప పెట్టుకొన్నది. అదే బాటపై పదునొకండవ గంప ఆమెది. ఆమెకు కిస్తు కట్టగా మిగులునది స్వల్పము. హైదరాబాదు పరిశోధనయందు తేలిన దిదియే. ముందునుండి వ్యాపారము బాగుగా సాగుచున్న కొలదిమందికే లాభము పెరిగెను; క్రొత్తగా వెలసిన వ్యాపారములు చిన్నవి, లాభము తక్కువవి. అప్పు అందరికిని ఒకే ఔషధము కాదు.

ఈ పరిశోధన ముగింపునకు వచ్చుచుండగనే ఆంధ్రప్రదేశమున కిస్తుల ఒత్తిడిని గూర్చియు, ఋణగ్రస్తుల ఆత్మహత్యలను గూర్చియు ఆందోళన చెలరేగెను. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీల వసూళ్లను కట్టుదిట్టము చేసెను. బస్తీల పరిశోధన సగటును చెప్పినది. సగటు మంచిదైనను చెడ్డదైనను ఒక ఇంటి కష్టము దానిలో కనబడదు. ఈ రెండు సంగతులను ఒకదానితో నొకటి చెరపివేయరాదు. ప్రయోగము చెప్పినది వినవలెను. ప్రయోగమునకు వినబడని ఏడ్పును కూడ వినవలెను.

ఈ పద్ధతిని బాగుగా వ్యాపింపజేసినందుకు 2019లో బెనర్జీ, డుఫ్లో, మైకేల్ క్రేమర్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను. అంతమాత్రమున సందేహములు తీరిపోలేదు. ఒక యూరిలో తేలినది మరియొక యూరికి వర్తించునని చీటి చెప్పజాలదని, ఎందుచేత అట్లు జరిగినదో తెలియనిది ఫలమును మోసికొని పోరాదని ఆంగస్ డీటన్ వంటి పెద్దలు హెచ్చరించిరి. ఆయనయు 2015లో నోబెల్ బహుమానము పొందినవాడే. మరియొక సందేహము ధర్మమునకు సంబంధించినది. పేదవాడు పరీక్షాక్షేత్రమా? ఒక బస్తీకి ఇచ్చి మరియొక బస్తీకి ఈయకుండుట న్యాయమా? నా అభిప్రాయ మిది. అందరికిని ఒకేమారు ఈయజాలనప్పుడు పైరవిచేత పంచుటకంటె చీటిచేత పంచుట న్యాయము. కాని పరీక్షింపబడువానికి నియమములు తెలిసి యుండవలెను, వాని సొమ్ము వాని కష్టము పాలుకారాదు, తేలిన ఫలము తిరిగి వాని యూరికి వాని భాషలో చేరవలెను. మొదటి రెంటిని బిన్స్‌వాంగర్ ఆట పాటించినది. మూడవది మాత్రము మన దేశమున చాలవరకు జరుగలేదు. అవురుపల్లి లెక్కలపై విదేశములలో పుస్తకములు వెలువడినవి. తెలుగులో వానిని గూర్చి చదువగలిగినవారు స్వల్పులు. ఈ ప్రసంగమునకు అదియు నొక కారణము.

పెద్దలారా, మీలో అనేకులు సహకార సంఘములలోను, గ్రామసభలలోను మాట చెల్లువారు. ఎవరికి అప్పు ఈయదగును, ఎవరిని నమ్మదగును అను నిర్ణయములు మీ యెదుటికి వచ్చుచుండును. అప్పుడు ఫలానివాడు ఏమియు చేయనివాడు, వానికి ఇచ్చిన విత్తనము వ్యర్థము అను మాట వినబడినచో, ఒక్క ప్రశ్న వేయుడు: వానికిని రెండవవానికిని ఎదుటనున్న ఆట ఒక్కటేనా? పంట పోయినచో వాని వెనుక నిలుచువా రెవరు? విత్తు దినమున వాని చేతిలో నున్న దెంత? క్రొత్త పథకము వచ్చినచో ఊరంతటికి ఒకేమారు రుద్దక, సగము వాడలకు చీటివేసి ఇచ్చి, ఏడాది చూచి, తక్కిన సగమునకు మేలైనరీతిని ఇయ్యవచ్చును. దానికి నోబెల్ బహుమాన మక్కరలేదు. ఒక కుండ, కొన్ని చీట్లు, లెక్క వ్రాయుటకు నమ్మకమైన యొక పిల్లవాడు చాలును.

పేదవాని జాగ్రత్తను పిరికితన మనుట సులభము. అతని చేతిలో నెల కూలిని ఉంచి చూచినవారు మాత్రము ఆ మాట అనలేకపోయిరి. అతనికిని మనకును ఉన్న భేదము ధైర్యములో లేదు, ఆధారములో నున్నది. ఆధారము కల్పించుట మన చేతిలోని పని.

సెలవు.